నవ్వు రాలేదు మేడమ్, కానీ మర్చిపోలేకపోతున్నా

పోయిన సంచికలో ఒకాయన "నలుగురిలో కలవలేని మనుషుల మీద తీసిన మంచి కామెడీ ఏదైనా చెప్పండి" అని అడిగితే నేను 'నెపోలియన్ డైనమైట్' చూడండి అని రెండు లైన్లు రాసి వదిలేశాను. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదండీ, సగం మంది తిట్టారు, సగం మంది థాంక్స్ చెప్పారు, కొంతమంది ఒకే ఉత్తరంలో రెండూ చేశారు. అందుకే ఈసారి కాలమ్ మొత్తం ఈ ఒక్క సినిమాకే.

చూడని వాళ్ళ కోసం కథ చెప్తా. 2004లో వచ్చిన అమెరికన్ సినిమా. ఐడహో రాష్ట్రంలో ప్రెస్టన్ అని ఒక చిన్న ఊరు, అక్కడ హైస్కూల్లో చదివే పొడుగాటి పిల్లోడు నెపోలియన్, ఉంగరాల జుట్టు, పెద్ద కళ్ళద్దాలు, నోరు ఎప్పుడూ సగం తెరిచే ఉంటుంది. ఇంట్లో నానమ్మ, 32 ఏళ్ళొచ్చినా పనీపాటా లేకుండా రోజంతా ఇంటర్నెట్‌లో అమ్మాయితో చాటింగ్ చేసే అన్న కిప్. నానమ్మ ఇసుక దిబ్బల్లో నాలుగు చక్రాల బండి నడుపుతూ పడి నడుం విరగ్గొట్టుకుంటుంది, పిల్లల్ని చూసుకోడానికి రికో అని బాబాయి వరసాయన వచ్చి ఇంట్లో తిష్ట వేస్తాడు. స్కూల్లోకి కొత్తగా మెక్సికో నుంచి వచ్చిన పెద్రో చేరతాడు, డెబ్ అనే బిడియస్తురాలైన అమ్మాయి పరిచయం అవుతుంది, పెద్రో స్కూల్ ప్రెసిడెంట్ ఎలక్షన్‌లో నిలబడతాడు. కథ అంటే ఇంతే. ఇక ఉత్తరాలు.

ప్రశ్న: మీరు చెప్పారని నేనూ మావారూ ఆదివారం పనులన్నీ పక్కనబెట్టి కూర్చుని చూశాం మేడమ్, గంటన్నరలో ఇద్దరికీ ఒక్కచోట కూడా నవ్వు రాలేదు, మావారైతే మధ్యలో లేచి వెళ్ళి మొక్కలకి నీళ్ళు పోసొచ్చారు. మా అమ్మాయి మాత్రం పక్కగదిలో అదే సినిమా చూస్తూ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. మాకేమన్నా అర్థం కాలేదా? (ఒక గృహిణి, గుంటూరు)

మీలో లోపం ఏమీ లేదండీ, ఈ సినిమా సంగతే అంత, ఒకే ఇంట్లో ఇద్దరికి రెండు రకాలుగా కనపడుతుంది. దీని మీద ఒక నిజమైన సంగతి ఉంది. నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 2006లో ఒక పోటీ పెట్టారు, ఎవరికి ఏ సినిమా నచ్చుతుందో ముందే ఊహించే వాళ్ళ కంప్యూటర్ లెక్కని 10 శాతం మెరుగుపరిచిన వాళ్ళకి 10 లక్షల డాలర్లు ఇస్తామని. మూడేళ్ళు ప్రపంచంలో ఉన్న లెక్కల మేధావులంతా దాని మీద కుస్తీ పట్టారు, 2009లో గానీ ఆ ప్రైజు ఎవరికీ దక్కలేదు. మధ్యలో వాళ్ళందరికీ గొంతులో ముల్లులా అడ్డంపడ్డ సినిమా ఏంటో తెలుసా, ఇదే. ఒక పోటీదారు లెక్క వేసుకుంటే తనకి మిగిలిన తప్పులో 15 శాతం దాకా ఈ ఒక్క సినిమా దగ్గరే వస్తోందని తేలింది. జనం దీనికి అయితే ఒక స్టార్ లేకపోతే ఐదు స్టార్లు ఇచ్చారు, మధ్యలో ఇచ్చినవాళ్ళు తక్కువ, పైగా ఎవరు ఏది ఇస్తారో వాళ్ళ మిగతా ఇష్టాలు చూసి చెప్పడం కుదర్లేదు. పేరున్న సమీక్షకుడు రోజర్ ఈబర్ట్ కూడా నాలుగుకి ఒకటిన్నర స్టార్లే ఇచ్చాడు. అదే సినిమాకి మరుసటి ఏడాది ఎంటీవీ అవార్డుల్లో బెస్ట్ మూవీ వచ్చింది. కాబట్టి మీరూ మీ అమ్మాయీ చెరో గదిలో ఉండటంలో వింతేం లేదు.

అయితే నవ్వు ఎందుకు రాలేదో నాకు తోచింది చెప్తా. మన కామెడీకి మనం ఒక తీరుగా అలవాటు పడ్డాం, జోకు పడగానే వెనక ఒక సౌండ్ వస్తుంది, పక్కనున్న మనిషి మొహం చూపిస్తారు, ఇక్కడ నవ్వాలి అని మనకి తెలిసిపోతుంది. ఇందులో ఆ ఆసరా ఏదీ ఉండదు. మొదటి సీనే చూడండి. అంత పొడుగు పిల్లోడు చిన్నపిల్లలతో పాటు స్కూల్ బస్సెక్కి వెనక సీట్లో కూర్చుంటాడు, ఒక బుడ్డోడు ఇవాళ ఏం చేస్తావని అడుగుతాడు, నా ఇష్టమొచ్చింది చేస్తానని విసుక్కుంటాడు. ఆ తర్వాత జేబులోంచి ఒక బొమ్మ తీస్తాడు, దానికి దారం కట్టి ఉంటుంది, కిటికీలోంచి రోడ్డు మీదకి వదిలి ఆ దారాన్ని పట్టుకుని కూర్చుంటాడు, బొమ్మ బస్సు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంటుంది. అంతే సీను. మొహంలో నవ్వు లేదు. ఇది చూసి "ఇదేంటి" అనుకుంటే సినిమా అక్కడే అయిపోయినట్టు, "అయ్యో వీడికి రోజంతా ఇదొక్కటే సరదా కదా" అనిపిస్తే మాత్రం ఇక ఆ పిల్లోణ్ణి వదల్లేం.

నేను దీన్ని మొదట హాస్టల్లో ఒక పాత కంప్యూటర్‌లో ఆరుగురం కలిసి చూశాను, అరగంటకి నలుగురు లేచి వెళ్ళిపోయారు, మిగిలిన ఇద్దరం కూడా పెద్దగా నవ్వలేదు. కానీ మర్నాడు మెస్‌లో లైన్లో నిలబడి ఉండగా నాకు ఆ కిటికీలోంచి వేలాడే దారం గుర్తొచ్చింది, అప్పుడొచ్చింది నవ్వు, ఆపుకోలేనంత. మీకు కూడా రెండు మూడు రోజుల తర్వాత వస్తే నాకు మళ్ళీ రాయండి, రాకపోయినా రాయండి.

ప్రశ్న: సినిమా బాగా తీశారు, కాదనను. కానీ ఇది అమాయకుల్ని, పల్లెటూరి వాళ్ళని ఎగతాళి చెయ్యడం కాదా? థియేటర్లో కూర్చున్న సిటీ జనం వాళ్ళ బట్టలు, వాళ్ళ నడక చూసి నవ్వుకోడానికే కదా ఇదంతా? (డిగ్రీ విద్యార్థిని, కాకినాడ)

ఈ బుట్టలో అన్నిటికన్నా మంచి ప్రశ్న నీదేనమ్మా. నాకూ మొదట్లో ఇదే అనుమానం. తర్వాత ఎవరు తీశారో తెలుసుకున్నాక మారింది. డైరెక్టర్ జారెడ్ హెస్ ఆ ప్రెస్టన్‌లోనే పెరిగాడు, ఆ హైస్కూల్లోనే చదివాడు, అప్పటికి ఐదు వేల జనాభా కూడా లేని ఊరది. భార్య జెరూషాతో కలిసి రాసుకున్నాడు, సినిమాలో కంచె అవతల నుంచి నెపోలియన్ తిండి విసిరితే తినే లామా ఉంది చూడు, ఒంటెకి చుట్టంలా ఉంటుంది, అది డైరెక్టర్ వాళ్ళమ్మదే. ఆ ఊరిని బయటినుంచి వచ్చి చూసి నవ్వినవాడు కాదు, తన పెరట్లో కెమెరా పెట్టుకున్నవాడు. ఆ తేడా ప్రతి ఫ్రేములో కనపడుతుంది.

కెమెరా ఎక్కడ పెట్టాడో గమనించు. ఎదురుగా, తిన్నగా, కదలకుండా. ఎగతాళి చేసేవాడు కెమెరాని మొహం మీదకి తీసుకెళ్తాడు, పళ్ళు చూపిస్తాడు, చెమట చూపిస్తాడు, ఇక్కడ అది లేదు, మనిషిని తలనుంచి కాలిదాకా ఫోటో స్టూడియోలో నిలబెట్టినట్టు నిలబెట్టి ఆగుతాడు. డెబ్ మొదటిసారి నెపోలియన్ ఇంటికొచ్చే సీను ఉంది కదా, ఒక పక్కకి కట్టిన జడ, చేతిలో పెట్టె, కాలేజీ డబ్బుల కోసం తను అల్లిన కీచైన్లు అమ్ముకోడానికి, ఫోటోలు తీస్తానని చెప్పుకోడానికి ఇంటింటికీ తిరుగుతుంటుంది. బట్టీపట్టిన మాటలు గుమ్మంలో నిలబడి ఒప్పజెప్తూ మధ్యలో తడబడి, భయమేసి, ఆ పెట్టె అక్కడే వదిలేసి వెళ్ళిపోతుంది. మనలో ఇంటర్వ్యూకి వెళ్ళి ఇలా మాట పడిపోయి బయటికొచ్చినవాళ్ళు ఎంతమంది లేరు చెప్పు. నేనైతే ఆ సీన్ దగ్గర నవ్వలేను, ఇప్పటికీ.

పెద్రోది ఇంకోటి చెప్తా. ఒంట్లో వేడి పెరిగిపోయిందని ఇంటికెళ్ళి నీళ్ళు పోసుకుంటే తగ్గక, జుట్టు వల్లే వేడి అనుకుని మొత్తం గుండు గీసేసుకుంటాడు. మర్నాడు స్వెటర్ టోపీ తలమీదకి లాక్కుని సిగ్గుతో కూర్చుంటాడు. స్నేహితులు ఏం చేస్తారు? నవ్వరు, ఎందుకు చేశావని నిలదియ్యరు, వెళ్ళి ఒక విగ్గు సంపాదించి పెడతారు. ఎలక్షన్ ముందు తన పోటీదారు అమ్మాయి బొమ్మని పినాటాగా చేసి పిల్లలతో కర్రతో కొట్టిస్తాడు, అది వాళ్ళ దేశంలో పండగలకి మామూలు ఆట, లోపల మిఠాయిలు ఉంటాయి, ఇక్కడ ప్రిన్సిపాల్ పిలిచి చీవాట్లు పెడతాడు. పెద్రో ముఖంలో అది తప్పెందుకో అర్థం కాని ఒక చూపు ఉంటుంది. కొత్త ఊళ్ళో మన పద్ధతి తప్పైపోయిన బాధ, వలస వెళ్ళిన మనోళ్ళకి ఎవరికైనా తెలిసిన బాధే.

ఇక నాకు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి, ఈ సినిమా వాళ్ళని బాగు చెయ్యదు. మన సినిమాల్లో ఇలాంటి పిల్లోడు ఉంటే ఇంటర్వెల్ తర్వాత ఒక పాట వస్తుంది, ఆ పాటలో కళ్ళద్దాలు పోతాయి, జుట్టు మారుతుంది, కొత్త బట్టలు వస్తాయి, అప్పుడు గానీ హీరోయిన్ చూడదు. మనం చిన్నప్పట్నుంచి ఇది చూసి చూసి, మనలా ఉంటే ఎవరికీ నచ్చం అనుకుంటూ పెరిగాం, నాకు దీని మీద నిజంగా కోపం ఉంది. నెపోలియన్ మొదటి సీన్లో ఏ మంచు బూట్లు వేసుకున్నాడో చివరిదాకా ఆ బూట్లే, అదే జుట్టు, అదే విసుగు. ఆ ఊరివాళ్ళు ఎగతాళి అనుకోలేదనడానికి ఒక సాక్ష్యం కూడా ఉంది, 2005లో ఐడహో శాసనసభ ఈ సినిమా తీసినవాళ్ళని మెచ్చుకుంటూ ఏకంగా తీర్మానమే చేసింది, అందులో ఆ రాష్ట్రపు బంగాళాదుంపల ప్రస్తావన కూడా ఉంది, ఎందుకంటే నెపోలియన్ ప్యాంటు జేబులో బంగాళాదుంప ఉండలు దాచుకుని క్లాసులో తింటాడు కదా.

ప్రశ్న: పదేళ్ళ పిల్లలతో కలిసి చూడొచ్చా అండీ? (ఇద్దరు పిల్లల తండ్రి, నెల్లూరు)

చూడొచ్చండీ. బూతులు లేవు, కొట్టుకోడాలు చాలా కొంచెం, అక్కడ పీజీ సర్టిఫికెట్ ఇచ్చారు, అంటే పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్లలు చూడొచ్చని. ఒక్క రెండుచోట్ల ముందే చెప్తున్నా, ఒక రైతు స్కూల్ బస్సు ముందే ఆవుని కాల్చేస్తాడు, ఆవు కనపడదు గానీ బస్సులో పిల్లలు కెవ్వుమంటారు, మనిళ్ళల్లో పిల్లలకి అది గట్టిగానే తగులుతుంది. రికో బాబాయి ఆడవాళ్ళకి ఒక మూలికల మందు అమ్మడానికి తిరిగే సీన్లు కూడా పిల్లల పక్కన కాస్త ఇబ్బందిగా ఉంటాయి.

ప్రశ్న: అక్కా, నేను షార్ట్ ఫిల్మ్స్ తీస్తుంటా. ఈ సినిమా నాలుగు లక్షల డాలర్లతో తీశారని విన్నా, నిజమేనా? నా దగ్గర అందులో వందో వంతు కూడా లేదు. మా ఫ్రెండ్స్ అందరూ యాక్షన్ కథ రాయమంటున్నారు, నాకేమో మా వీధిలో మనుషుల మీద తియ్యాలనుంది. (వరంగల్ నుంచి ఒక తమ్ముడు)

నిజమే తమ్ముడూ, నాలుగు లక్షల డాలర్లే, వసూలు చేసింది మాత్రం దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్లు. కానీ నువ్వు చూడాల్సిన లెక్క అది కాదు, దానికి ముందుది. జారెడ్ హెస్ యూటాలో బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీలో చదువుకుంటూ క్లాసు ప్రాజెక్టుగా తొమ్మిది నిమిషాల నలుపు తెలుపు షార్ట్ ఫిల్మ్ తీశాడు, పేరు 'పెలూకా', స్పానిష్‌లో విగ్గు అని అర్థం, ఖర్చు కొన్ని వందల డాలర్లు. యాక్టర్ ఎవరంటే అదే కాలేజీలో యానిమేషన్ చదివే జాన్ హీడర్. ఆ పాత్ర పేరు అప్పుడు సెత్, పెద్ద సినిమాలో నెపోలియన్ అయింది. దాన్ని చూపించి డబ్బులు తెచ్చుకుని 2003 ఎండాకాలంలో ప్రెస్టన్ వెళ్ళి మూడు వారాలకి కాస్త అటూఇటూగా షూటింగ్ ముగించారు, 2004 జనవరిలో సన్‌డాన్స్ ఫెస్టివల్‌లో వేశారు, అక్కడ ఫాక్స్ సెర్చ్‌లైట్ అనే పంపిణీ సంస్థ వాళ్ళు కొనుక్కున్నారు. హీడర్‌కి మొదట మాట్లాడుకున్న పారితోషికం వెయ్యి డాలర్లు.

చివర్లో ఎలక్షన్ రోజు నెపోలియన్ స్టేజీ మీద ఒక్కడే వేసే డాన్స్ సీను ఎలా తీశారో విను, ఇది నీకు పనికొస్తుంది. షూటింగ్ అయిపోవచ్చేసరికి వాళ్ళ దగ్గర ఫిల్ము ఒక్క రోలు మిగిలింది, అంటే ఓ పది నిమిషాలు. ఏ పాటకి హక్కులు దొరుకుతాయో అప్పటికి తెలీదు, అందుకని హీడర్‌ని మూడు పాటలకి మూడుసార్లు ఆడించి తీశారు, స్టెప్పులు చాలామటుకు అప్పటికప్పుడు అతనే వేసుకున్నాడు. చివరికి జమిరోక్వై అనే బ్రిటిష్ బ్యాండ్ పాట ఖాయమైంది, ఆ మూడుసార్లలోంచి ముక్కలు ఏరి ఎడిటింగ్‌లో కూర్చారు. కెమెరా కదలకపోవడం కూడా అంతే, ట్రాలీలు క్రేన్లు లేకుండా తక్కువలో అయిపోయింది, సినిమాకి ఆ నిలకడే అందమైంది.

మీ వీధి మనుషుల మీదే తియ్యి. మన దగ్గర ఇలా తీసినవాళ్ళు లేకపోలేదు. 2018లో వెంకటేశ్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసింది విశాఖలో ఆ కంచరపాలెంలోనే, ఎక్కువమంది అంతకుముందు కెమెరా ముందుకి రాని స్థానికులతో. 2021లో ప్రవీణ్ కాండ్రేగుల 'సినిమా బండి' తీశాడు, ఆటో నడుపుకునే వీరబాబుకి ఎవరో ఆటోలో మర్చిపోయిన ఖరీదైన కెమెరా దొరికితే పెళ్ళి ఫోటోలు తీసే స్నేహితుణ్ణి పట్టుకుని ఊళ్ళో సినిమా మొదలుపెడతాడు, కూరగాయలు అమ్ముకునే మంగ అందులో హీరోయిన్. నన్నడిగితే నెపోలియన్‌కి తెలుగులో దగ్గరి చుట్టం అదే, ఎవర్నీ వెక్కిరించదు, ఎవర్నీ గొప్పవాళ్ళని చెయ్యదు. ఆ మనుషుల యాస కూడా ఉన్నదున్నట్టు ఉంచారు. నువ్వు మాత్రం ఒక్కటి చూసుకో, మీ వీధిలో ఆ మనిషి దగ్గరికెళ్ళి నీ సినిమా చూపించగలవా లేదా. చూపించగలిగేలా ఉంటే తియ్యి.

ప్రశ్న: రికో పాత్ర చూస్తే మా మామయ్యే గుర్తొచ్చాడు. ఆయన అలా ఎందుకుంటాడు? (పేరు రాయలేదు, విజయనగరం)

రికో వ్యాన్‌లో బతుకుతాడు, ప్లాస్టిక్ గిన్నెలు ఇంటింటికీ అమ్ముతాడు, ఖాళీ దొరికితే చేత్తో విసిరి ఆడే అమెరికన్ ఫుట్‌బాల్ విసురుతూ తనని తానే వీడియో తీసుకుంటాడు. 1982లో స్కూల్ టీములో కోచ్ తనని చివర్లో ఆటలోకి దింపి ఉంటే జీవితం వేరేగా ఉండేదని అతని నమ్మకం, ఆ సంవత్సరానికి తిరిగి వెళ్ళడానికి ఇంటర్నెట్‌లో కొన్న టైమ్ మెషిన్ కూడా పెట్టుకుంటాడు, కరెంటు షాక్ కొట్టడం తప్ప ఏమీ జరగదు. మీ మామయ్యకి 1982 లాంటి సంవత్సరం ఏదో ఉండే ఉంటుంది, రెండు మార్కుల్లో పోయిన సెలక్షనో, తప్పిపోయిన సంబంధమో. ఎప్పుడైనా తీరిగ్గా కూర్చోబెట్టి ఆ రోజు ఏం జరిగింది మామయ్యా అని అడగండి, పూర్తిగా చెప్పనివ్వండి, మధ్యలో లేవొద్దు. సినిమాలో రికోని ఆ మాట ఎవరూ అడగరు.

ప్రశ్న: మేడమ్, మాది పల్లెటూరు, ఇక్కడ సిటీలో ఇంజినీరింగ్ సెకండియర్. నాకు గ్రూపులో మాట్లాడ్డం రాదు, ఏదన్నా అంటే అందరూ ఒక్క క్షణం ఆగిపోతారు, తర్వాత టాపిక్ మార్చేస్తారు. క్యాంటీన్‌లో ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ తింటా. ఈ సినిమా మూడుసార్లు చూశా, డాన్స్ దగ్గర ఏడుపొచ్చింది, కామెడీకి ఏడవడం ఏంటో నాకే తెలీట్లేదు. (హైదరాబాద్)

నాన్నా, నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నాకూ అక్కడ ఏడుపొస్తుంది, ఎందుకో చెప్తా.

ఎలక్షన్ రోజు పోటీదారు అమ్మాయి తన గ్యాంగుతో రిహార్సల్ చేసిన డాన్స్ వేస్తుంది, చప్పట్లు మోగిపోతాయి. పెద్రో రెండు ముక్కలు మాట్లాడి దిగుతాడు, తను కూడా ఏదో ఒకటి ప్రదర్శించాలని అతనికి తెలియనే తెలియదు. అప్పుడు నెపోలియన్ దగ్గర ఒక క్యాసెట్ ఉంటుంది, దాన్ని మ్యూజిక్ వేసే కుర్రాడి చేతికిచ్చి స్టేజీ మీదకి నడుస్తాడు. ఇన్నాళ్ళు పాత సామాన్ల షాపులో కొన్న వీడియో పెట్టుకుని గది తలుపేసుకుని ఒక్కడే ప్రాక్టీసు చేసిందంతా, ఎవరికీ చూపిద్దామని చేసింది కాదు, అదంతా ఇప్పుడు బయటికొస్తుంది. పాట మొదలయ్యే ముందు ఆ ఒక్క క్షణం నిశ్శబ్దం ఉంటుంది చూడు, స్టేజీ మీద ఒంటరిగా, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక. నువ్వు రాసిన "ఒక్క క్షణం ఆగిపోతారు" అన్నది అదే నిశ్శబ్దం. నువ్వు దాన్ని రోజూ భరిస్తున్నావు, అందుకే నీకు అక్కడ గొంతు పట్టేసింది, తక్కినవాళ్ళకి పట్టలేదు.

ఇంకోటి గమనించావా, అతను గెలవాలని ఆడలేదు. ఓట్లు పెద్రోవి. డాన్స్ అవగానే చప్పట్ల కోసం ఆగడు, స్టేజీ దిగి పరుగున వెళ్ళిపోతాడు, జనం లేచి నిలబడేసరికి అక్కడ ఉండడు. మర్నాడు కూడా స్కూల్లో ఒక్కడే స్తంభానికి కట్టిన బంతి కొట్టుకుంటూ ఉంటాడు, అప్పుడు డెబ్ వచ్చి అవతల నిలబడుతుంది, ఇద్దరూ ఆడుకుంటారు.

స్కూలంతా అతనికి ఫ్రెండ్స్ అయిపోలేదు, ఇద్దరే ఉన్నారు, ఆ ఇద్దరూ అతనిలాంటి వాళ్ళే. పెద్రోతో స్నేహం ఎలా మొదలైందో మళ్ళీ చూడు, కొత్తగా వచ్చి ఎవరూ లేకుండా నిలబడ్డవాడి దగ్గరికి నెపోలియనే వెళ్ళాడు, తర్వాత ఎలక్షన్‌కి ధైర్యం చెప్తూ స్కూల్లో మీసం ఉన్నది నీ ఒక్కడికే అంటాడు, అదే అతనికి తెలిసిన పొగడ్త. మీ క్యాంటీన్‌లో ఫోన్ చూస్తున్నట్టు నటిస్తూ తినేవాడు నువ్వొక్కడివే అయ్యుండవు నాన్నా, రేపు ప్లేటు పట్టుకుని తల పైకెత్తి ఒకసారి చుట్టూ చూడు, ఉంటే వెళ్ళి ఎదురుగా కూర్చో, మాట్లాడకపోయినా పర్లేదు. క్యాంటీన్ కూడా కష్టమైపోయి నిద్ర, తిండి తప్పుతుంటే మాత్రం మీ కాలేజీ కౌన్సెలర్‌కో ఇంట్లో నీకు దగ్గరైన వాళ్ళకో తప్పకుండా చెప్పు. నాకు మళ్ళీ రాయి.

ప్రశ్న: కిప్ బస్సెక్కి వెళ్ళిపోయాక, పేర్లు పడగానే ఆపేశాం. మా చెల్లి పెళ్ళి సీను ఉందంటోంది, మేమేం చూళ్ళేదే? (రాజమండ్రి)

ఉందమ్మా, మీ చెల్లే కరెక్టు. పేర్లన్నీ అయిపోయాక వస్తుంది. అది మొదట సినిమాలో లేదు, థియేటర్లలో ఆడుతుండగా తర్వాత తీసి కలిపారు. రోజంతా చాటింగ్ చేస్తున్నాడని అందరూ తేలిగ్గా తీసిపారేసిన కిప్, ఆ చాటింగ్‌లో పరిచయమైన లఫాండా, ఆవిడ డెట్రాయిట్ నుంచి నిజంగానే బస్సులో వచ్చింది కదా, వాళ్ళిద్దరి పెళ్ళే అది, బయట పొలంలో. కిప్ ఆవిడ కోసం టెక్నాలజీ మీద ఒక పాట పాడతాడు, కళ్ళు మూసుకుని, చాలా మనస్ఫూర్తిగా. నెపోలియన్ ఆలస్యంగా వస్తాడు, గుర్రం ఎక్కి, అన్నావదినలకి అది తన పెళ్ళికానుక, దాన్ని తనే లొంగదీశానని చెప్తాడు. మళ్ళీ పెట్టుకుని చూడండి, ఈసారి పేర్లు పడుతున్నప్పుడు లేవకండి.